ఆరుగురూ ఒకేలా ఉన్నారంటున్నారు

ప్రశ్న: నేను మొదటి నవల రాస్తున్నాను. అందులో ఆరు ముఖ్యపాత్రలున్నాయి. కథ మొదలుపెట్టక ముందే ఒక్కొక్కరికి ఒక పేజీ కేటాయించి ఎత్తు, బరువు, ఛాయ, కళ్ళ రంగు, ముక్కు తీరు, జుట్టు, పుట్టుమచ్చలు అన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఉదాహరణకు ఒక పాత్రను ఇలా ప్రవేశపెట్టాను: “అతను ఆరడుగుల పొడగరి. చామనచాయ, విశాలమైన నుదురు, కోటేరు ముక్కు, ఉంగరాల జుట్టు, తేనెరంగు కళ్ళు, ఎడమ చెవి కింద చిన్న పుట్టుమచ్చ.” ఇంత వివరంగా రాసినా, చిత్తుప్రతి చదివిన మిత్రులు ఎవరు ఎలా ఉంటారో గుర్తుండడం లేదని, అందరూ ఒకే మూసలో ఉన్నారని అంటున్నారు. అందగత్తెగా రాసిన కథానాయిక సైతం గుర్తుండడం లేదట. ప్రతినాయకుడి చెంప మీద గాయపు మచ్చ పెట్టినందుకు ఒక మిత్రురాలు అభ్యంతరం చెప్పింది. నవలలో ఒక భాగం ఉత్తమ పురుషలో సాగుతుంది. ఆ కథకురాలి రూపం చెప్పడానికి ఆమెను అద్దం ముందు నిలబెట్టాను గానీ అది నాకే నచ్చలేదు. తెలిసిన నటీనటుల ఫొటోలు ముందు పెట్టుకుని రాయవచ్చా? అసలు పాత్రల రూపకల్పన ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: మీ మిత్రులు పొరబడలేదు. అయితే వారి ఫిర్యాదు విని మీరు మరిన్ని వివరాలు చేర్చాలనుకుంటే సమస్య ఇంకా ముదురుతుంది. మీరు ఉదహరించిన వాక్యాల్లో ఏడు వివరాలున్నాయి, ఏడూ స్పష్టంగానే ఉన్నాయి. పాఠకుడు పుట్టుమచ్చ దాకా వచ్చేసరికి నుదురు ఎలా ఉందో మరచిపోతాడు. ఇది అతని అశ్రద్ధ కాదు. మనిషి ముఖాన్ని గుర్తుంచుకునే పద్ధతికీ భాష నడిచే పద్ధతికీ పొత్తు కుదరదు.

ముఖాన్ని మనం విడిభాగాల మొత్తంగా కాక ఒక్కసారిగా, ఒకే ఆకారంగా గ్రహిస్తాం. 1969లో రాబర్ట్ యిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ప్రచురించిన ప్రయోగాల్లో, బొమ్మలను తలకిందులు చేసి చూపినప్పుడు ఇళ్ళు, విమానాల వంటివాటిని గుర్తుపట్టడం కొంత కష్టమైతే, ముఖాలను గుర్తుపట్టడం అంతకన్నా చాలా కష్టమైంది. తలకిందులైనా ముక్కు ముక్కే, కన్ను కన్నే. చెడిపోయింది వాటి మధ్య ఉన్న అమరిక. దీనికన్నా మన పనికి దగ్గరగా వచ్చే ప్రయోగం 1990లో జొనాథన్ స్కూలర్, టోన్యా ఎంగ్‌స్ట్లర్-స్కూలర్ చేశారు. ఒక దొంగతనం వీడియో చూపించి, కొందరిని ఆ దొంగ ముఖాన్ని మాటల్లో వర్ణించమన్నారు, మరికొందరికి సంబంధం లేని పని అప్పగించారు. తర్వాత ఫొటోల వరుసలో ఆ మనిషిని గుర్తుపట్టమంటే, వర్ణించిన వాళ్ళే ఎక్కువగా తడబడ్డారు. 2014లో అనేక ప్రయోగశాలలు కలిసి మళ్ళీ పరీక్షించినప్పుడు కూడా ఆ ఫలితం నిలిచింది. స్వయంగా చూసిన ముఖాన్నే మాటలు చెదరగొడుతున్నప్పుడు, ఎన్నడూ చూడని ముఖాన్ని ఏడు విశేషణాలతో పాఠకుడి మనసులో కట్టడం సాధ్యమయ్యే పని కాదు.

ముఖాలను గుర్తుపట్టలేని స్థితి ఒకటుంది. వైద్యులు దాన్ని ప్రొసోపగ్నోసియా అంటారు. కంటిచూపులో లోపం లేకపోయినా ఆ స్థితి ఉన్నవారు దగ్గరివారి ముఖాలను సైతం పోల్చుకోలేరు. అందుకని నడక, గొంతు, జుట్టు, కట్టుకున్న బట్టలు, నిలబడే తీరు వంటి ఆనవాళ్ళ మీద ఆధారపడతారు. గద్యం చదివే ప్రతి పాఠకుడూ మీ పాత్రల విషయంలో దాదాపు ఇదే స్థితిలో ఉంటాడు. అతనికి ముఖం అందదు, ఆనవాలు అందుతుంది. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే మీరడిగిన ప్రశ్నల్లో చాలావాటికి దారి దొరుకుతుంది: ఈ ముఖం ఎలా ఉంటుందని కాకుండా, ఈ మనిషిని ముఖం చూడకుండా ఎలా పోల్చుకుంటారని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోవాలి.

మొదట నడకను తీసుకోండి. స్వీడన్‌కు చెందిన గున్నార్ యోహాన్సన్ 1973లో ప్రచురించిన ప్రయోగంలో, మనుషుల కీళ్ళ దగ్గర చిన్న దీపాలు అమర్చి, చీకటిలో నడిపించి చిత్రీకరించారు. తెర మీద కనిపించేది పదీ పన్నెండు చుక్కల కదలిక మాత్రమే. అయినా చూసినవారు అది నడుస్తున్న మనిషి అని క్షణంలో గ్రహించారు. 1977లో జేమ్స్ కటింగ్, లిన్ కొజ్లోవ్‌స్కీ ఇదే పద్ధతిలో పరీక్షించగా, చూసినవారు ఆ చుక్కల నడకను బట్టి తమ స్నేహితులను గాలివాటంగా కుదిరేదానికన్నా ఎక్కువసార్లు పోల్చుకోగలిగారు. ముఖం, బట్టలు, రంగు ఏవీ లేకుండానే మనిషి జాడ కదలికలో మిగిలి ఉందన్నమాట. కదలిక క్రియ, భాషకు క్రియ సొంత సొమ్ము. విశేషణం దగ్గర తడబడే వాక్యం క్రియ దగ్గర హాయిగా నడుస్తుంది.

మీ ఆరడుగుల పొడగరినే చూడండి. “గుమ్మాలకు తల తగలకుండా వంగడం అతనికి ఎంత అలవాటైపోయిందంటే, ఎత్తైన తలుపుల కింద కూడా కొంచెం వంగే వెళ్ళేవాడు” అని రాస్తే ఎత్తు తెలుస్తుంది, ఆ ఎత్తుతో అతను గడిపిన ఏళ్ళు తెలుస్తాయి, లోకంలో తనకు చోటు సరిపోదన్న సంకోచం కూడా కొంత తెలుస్తుంది. కొలత ఎక్కడా లేదు. ఇక ముందు అతను ఎక్కడ వంగినా పాఠకుడు అతన్ని చూస్తాడు. మీరు మళ్ళీ వర్ణించనక్కరలేదు. అదే ఎత్తున్న ఇంకొకరు వంగకుండా, ఎదుటివారే తల ఎత్తి చూడాలన్నట్లు దగ్గరగా వచ్చి నిలబడి మాట్లాడవచ్చు. కొలత ఒక్కటే, మనుషులు మాత్రం ఇద్దరు. మీ నోటుపుస్తకంలో ఇద్దరి పేజీల్లోనూ ఉన్నది ఒకే అంకె కనుక మీ చిత్తుప్రతిలో వాళ్ళు ఒకరిలో ఒకరు కలిసిపోయారు.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. కదలికను ఆనవాలుగా వాడుకునే రచయితలు దాన్ని తొందరలోనే కీ ఇచ్చిన బొమ్మలా తిప్పడం మొదలుపెడతారు: ఒకడు మాట్లాడిన ప్రతిసారీ గడ్డం నిమురుతాడు, ఇంకొకామె ప్రతి పుటలోనూ జడ ముందుకు వేసుకుంటుంది. ఒక అలవాటు ఒక అధ్యాయంలో ఒకసారి కనిపించినా ఎక్కువే కావచ్చు. దానికి విలువ వచ్చేది అది మారినప్పుడు. ఎప్పుడూ వంగే మనిషి ఒక గదిలోకి వంగకుండా అడుగుపెట్టి తల కొట్టించుకుంటే, అతని మనసు ఎక్కడుందో మీరు వేరే చెప్పనక్కరలేదు.

అయితే ముఖం గురించి ఏమీ చెప్పకూడదా? చెప్పవచ్చు, కానీ సగటు నుంచి పక్కకు జరిగినదాన్ని మాత్రమే చెప్పండి. గిలియన్ రోడ్స్, సుసాన్ బ్రెనన్, సుసాన్ కేరీ 1987లో ప్రచురించిన పరిశోధనలో, తెలిసినవారి ముఖాలను ఉన్నదున్నట్లు గీసిన రేఖాచిత్రాలకన్నా, వాటిలోని ప్రత్యేకతలను పెంచి గీసిన వ్యంగ్యచిత్రాలను చూసినవారు త్వరగా గుర్తుపట్టారు. మనసు ముఖాలను దాచుకునేది సగటుతో పోల్చి, తేడాల లెక్కన అని ఆ పరిశోధన సూచిస్తుంది. విశాలమైన నుదురు, కోటేరు ముక్కు, ఉంగరాల జుట్టు అన్నవి తేడాలు కావు. అవి కథల్లో అందరికీ పంచిపెట్టే సామగ్రి. రెండు కనుబొమ్మలూ ముక్కు మీద కలిసిపోవడం, పై పెదవి లేనట్లే ఉండి నవ్వినప్పుడు మాత్రం చిగుళ్ళు కనిపించడం, ఒక కంటిరెప్ప రెండోదానికన్నా కాస్త వాలి ఉండడం వంటివి తేడాలు. పాత్రకు ఒక్కటి చాలు. బాగా అవసరమైతే రెండు. మిగిలిన ముఖాన్ని పాఠకుడు తన జ్ఞాపకాల్లోంచి తెచ్చి పూరిస్తాడు, అతను తెచ్చింది మీరు ఊహించినదానితో సరిపోకపోయినా నష్టం లేదు.

మీ కథానాయిక ఎందుకు గుర్తుండడం లేదో కూడా దీనివల్లే అర్థమవుతుంది. ఫ్రాన్సిస్ గాల్టన్ 1878లో అనేకమంది ఫొటోలను ఒకదానిమీద ఒకటి పడేలా ముద్రించి మిశ్రమ ముఖాలు తయారుచేశాడు. నేరస్థుల ఫొటోలను అలా కలిపితే నేరస్థుడి అసలు ముఖం బయటపడుతుందని ఆశించాడు. వచ్చిన ముఖం మాత్రం విడివిడి ముఖాలకన్నా చూడముచ్చటగా ఉంది. 1990లో జుడిత్ లాంగ్లాయ్, లోరి రాగ్‌మన్ కంప్యూటరు మీద ముఖాలను కలిపి చూపినప్పుడు కూడా, కలిపిన ముఖాలకే చూసినవారు ఎక్కువ మార్కులు వేశారు. అందం మొత్తం సగటులోనే ఉందని ఎవరూ అనరు గానీ, అందమనిపించే ముఖంలో సగటుకు దగ్గరగా ఉండే గుణం ఎక్కువగానే ఉంటుంది. కనుక లోపమేదీ లేని ముఖాన్ని వర్ణించినకొద్దీ అది ఎవరిదో కాకుండా పోతుంది. మీ కథానాయికను అందగత్తెగానే ఉంచండి, కానీ ఆ అందాన్ని వర్ణించే వాక్యాలన్నీ తీసేసి, దానివల్ల ఆమె రోజు ఎలా గడుస్తుందో రాయండి. ఆమె చెప్పే మాటలు ఎదుటివారు సగమే వింటారేమో. తన పని మెచ్చుకున్నప్పుడు మెచ్చుకున్నది పనినేనా అని ఆమెకు అనుమానం కలుగుతుందేమో. వీటితోపాటు ఆమెకు కూడా సగటు నుంచి జరిగిన ఒక గుర్తు ఇవ్వండి, దాన్ని అందంలో భాగమని గానీ అందానికి లోటని గానీ తీర్పు చెప్పకండి. ఆమె రాగానే గదిలో మాటలు ఆగిపోయాయని రాయడం కూడా చాలా అరిగిపోయిన పద్ధతి. దాని జోలికి పోకండి.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగానికి వస్తాను. పుట్టుకతో వచ్చిన రూపంకన్నా, బతుకు వల్ల వచ్చిన రూపం కథకు ఎక్కువ ఉపయోగపడుతుంది. కళ్ళ రంగు పాత్ర గురించి ఏమీ చెప్పదు. అరచేయి ఎంతో చెబుతుంది. ఏళ్ళ తరబడి వయొలిన్ వాయించేవారికి ఎడమ దవడ కింద, వాయిద్యం ఆనే చోట చర్మం నల్లబడి గరుకెక్కుతుంది, ఎడమచేతి వేళ్ళ కొనలు కాయలు కాస్తాయి. చిన్నతనం నుంచి టెన్నిస్ ఆడినవారి ఆడే చేతి ఎముక రెండో చేతి ఎముకకన్నా మందంగా పెరుగుతుంది. కుస్తీ పట్టేవారి చెవులు పదేపదే నలిగి, లోపల రక్తం గడ్డకట్టి, ముద్దగా గట్టిపడిపోతాయి. బొగ్గుగనుల్లో పనిచేసినవారికి దెబ్బ తగిలిన చోట బొగ్గుధూళి చర్మంలో ఉండిపోయి నీలిరంగు మచ్చలుగా మిగిలేది. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక 69 ఏళ్ళ డ్రైవరు ఫొటో ప్రచురించింది: 28 ఏళ్ళపాటు సరుకుల వాహనం నడిపిన ఆయన ముఖంలో, కిటికీ అద్దం వైపున్న ఎడమ సగం ముడతలు పడి, కుడి సగంకన్నా ఎంతో ముసలిదిగా కనిపిస్తుంది. అద్దం అతినీలలోహిత కిరణాల్లో ఒక రకాన్ని ఆపలేకపోవడమే అందుకు కారణం. రెండు వయసులున్న ముఖం! ఇటువంటిది మనం కల్పిస్తే ఎవరూ నమ్మరు.

ఈ సంగతులను ఉన్నవున్నట్లు వాడుకోమని చెప్పడం లేదు. మీ ఆరుగురూ ఏ పనులు చేస్తారో నాకు తెలియదు. అవి మీకు తెలుసు. ఒక్కొక్కరి పేజీలో ఎత్తు, బరువు రాసిన చోట, ఈ శరీరం రోజులో ఎక్కువసేపు ఏ భంగిమలో ఉంటుంది, ఏ భాగం ఎక్కువగా అరిగింది, ఎక్కడ దెబ్బ తిన్నది, ఏ భాగాన్ని దాచుకోవాలని చూస్తుంది అన్న ప్రశ్నలకు జవాబులు రాయండి. కళ్ళజోడు తీసినప్పుడు ముక్కుకు రెండుపక్కలా మిగిలే ఎర్రటి నొక్కులు, కలం ఆనే చోట మధ్యవేలి మీది కాయ, గోరు చివర పోని రంగు, ఇలాంటి చిన్న గుర్తులు పాత్ర గతాన్ని మోసుకొస్తాయి. కాకపోతే వాటిని పాఠకుడికి చూపించి వెంటనే అర్థం విప్పి చెప్పే తొందర మానుకోవాలి. ప్రతి మచ్చ వెనకా ఉన్న కథను కథకుడు అక్కడికక్కడే వివరిస్తూ పోతే నవల నేరపరిశోధన నివేదికలా తయారవుతుంది. కాయ కాచిన వేలిని మూడో అధ్యాయంలో చూపండి. ఆమె ఏం రాస్తూ వచ్చిందో పన్నెండో అధ్యాయంలో తెలియనివ్వండి.

కథ కొన్ని ఏళ్ళపాటు సాగేదైతే శరీరం మారే వేగం కూడా తెలిసి ఉండాలి. నోటుపుస్తకం అక్కరకొచ్చేది ఇక్కడే. జుట్టు నెలకు ఒక సెంటీమీటరు, లేదా దానికి కొంచెం పైగా పెరుగుతుంది కనుక, గుండు చేయించుకున్న పాత్రకు మూడు నెలల్లో జడ వేయకండి. గాయం మచ్చ మొదట ఎర్రగా, ఉబ్బుగా ఉండి, ఏడాదికో అంతకన్నా ఎక్కువ కాలానికో పాలిపోయి చదునవుతుంది; లోతైన మచ్చ మీద వెంట్రుకలు మొలవవు కాబట్టి కనుబొమ్మ మీద గాటు పడితే అక్కడ సందు మిగిలిపోతుంది. మనిషి ఉదయం ఉన్న ఎత్తు సాయంత్రానికి సుమారు ఒక సెంటీమీటరు తగ్గుతుంది, నలభై దాటాక శాశ్వతంగా కూడా కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. చెవులు మాత్రం వయసుతోపాటు పొడుగవుతాయి. 1995లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన కొలతల ప్రకారం ఆ పెరుగుదల ఏడాదికి సగటున 0.22 మిల్లీమీటర్లు. ముసలితనం అనగానే నెరిసిన జుట్టు, ముడతలు తప్ప మరేదీ తోచని రచయితకు, పెద్ద చెవుల పెద్దాయన ఒక చిన్న ఊరట.

వర్ణన ఎంత బాగున్నా అది ఎవరి కంటిదో తెలియకపోతే గాలిలో తేలుతుంది. ఒకే మనిషిని దర్జీ చూస్తే ఒక భుజం రెండోదానికన్నా కిందికి ఉందని గమనిస్తాడు. వైద్యురాలు చూస్తే పెదవుల రంగూ ఉబ్బిన చీలమండలూ గమనిస్తుంది. అప్పు ఇచ్చినవాడు చూస్తే చెప్పుల అరుగుదల చూస్తాడు. నాలుగేళ్ళ పిల్లకు పెద్దవాళ్ళంటే మోకాళ్ళు, చేతివేళ్ళు, కింది నుంచి కనిపించే ముక్కురంధ్రాలు. చాలాకాలం తర్వాత కలిసిన అక్క తమ్ముడిలో మొదట చూసేది ఇప్పుడున్న రూపాన్ని కాదు, అప్పటికీ ఇప్పటికీ వచ్చిన తేడాను. కనుక ఒక పాత్ర ప్రవేశించే ఘట్టంలో, అక్కడ ఎవరున్నారు, ఆ మనిషి ఇతని నుంచి ఏం ఆశిస్తున్నాడు లేదా ఎందుకు భయపడుతున్నాడు అని ముందుగా తేల్చుకోండి. భయపడేవాడు చేతులు చూస్తాడు. ప్రేమించేవాడు అందరూ చూసేదాన్ని వదిలి, ఎవరూ చూడనిదాన్ని చూస్తాడు. పేరులేని, ఒడలులేని కథకుడు గుమ్మం దగ్గర నిలబడి తల నుంచి పాదాల దాకా జాబితా చదవడం వల్లే మీ ఆరుగురి ప్రవేశాలూ ఒకదానికొకటి నకళ్ళుగా కనిపిస్తున్నాయని నా అనుమానం. చూసేవాళ్ళు మారితే ఒకే పాత్రకు సంబంధించిన వర్ణనలు ఒకదానితో ఒకటి పొసగకపోవచ్చు: తల్లి కంటికి చిక్కిపోయిన కొడుకు, ఇంటి యజమాని కంటికి బలిసినవాడు కావచ్చు. ఆ వైరుధ్యాన్ని సరిదిద్దకండి. పాఠకుడు ఇద్దరి గురించీ ఏదో ఒకటి తెలుసుకుంటాడు.

ఉత్తమ పురుష కథకురాలి చిక్కు కూడా ఇదే సూత్రంతో విడిపోతుంది. తన ముఖాన్ని తాను కొత్తగా చూసినట్లు అద్దంలో పరిశీలించేవారు అరుదు. అద్దం ముందు మనం వెతికేది మచ్చనో, చెదిరిన వెంట్రుకనో. ఆమె రూపాన్ని ఆమెకు అడ్డుతగిలే చోట చెప్పించండి: పైఅర అందక కుర్చీ లాక్కోవడం, ఎవరో ఇచ్చిన చొక్కా భుజాల దగ్గర బిగుసుకోవడం, కొత్తగా పరిచయమైనవారు ఆమెను నాన్న పోలికతో గుర్తుపట్టడం, ఆ పోలిక విని ఆమె లోపల చిరాకుపడడం. ఎదుటివారి మాటల్లోంచి వచ్చిన రూపం పాఠకుడికి ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది, ఆ మాట అన్నవారి స్వభావం కూడా దానితోపాటు వస్తుంది. అద్దాన్ని నిక్షేపంగా తీసేయండి.

ప్రతినాయకుడి మచ్చ విషయంలో మీ మిత్రురాలి పక్షాన కొంత నిలబడక తప్పదు. ముఖం చూసి గుణం చెప్పవచ్చనే నమ్మకానికి పాత చరిత్ర ఉంది, అది మంచి చరిత్ర కాదు. స్విట్జర్లండ్‌కు చెందిన యోహాన్ కాస్పర్ లావాటర్ 1775-78 మధ్య ఆ విషయం మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఐరోపా అంతా దాన్ని చదివింది. దాన్ని నమ్మినవారిలో బీగిల్ నౌక కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ ఒకడు. 1831లో తన నౌకలోకి వస్తానన్న యువకుడు చార్లెస్ డార్విన్ ముక్కు ఆకారం చూసి, ఆ ముక్కున్నవాడికి ప్రయాణానికి కావలసిన పట్టుదల ఉండదని సందేహించాడని డార్విన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. తర్వాత 1876లో ఇటలీకి చెందిన చెజారె లోంబ్రోసో, పుట్టు నేరస్థులను దవడలూ చెవులూ చూసి పోల్చవచ్చని ప్రకటించాడు. 1913లో చార్లెస్ గోరింగ్ ఇంగ్లండులో వేలమంది ఖైదీలను కొలిచి, అటువంటి శరీర లక్షణమేదీ లేదని తేల్చాడు. శాస్త్రం దాన్ని వదిలేసినా కథలు మాత్రం వదలలేదు. ముఖం మీద మచ్చలున్నవారి సంస్థ చేంజింగ్ ఫేసెస్ ఈ అలవాటుకు వ్యతిరేకంగా ప్రచారం చేయగా, 2018లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, ముఖం మీది మచ్చలను దుర్మార్గానికి గుర్తుగా వాడే సినిమాలకు తాను ధనసహాయం చేయబోనని ప్రకటించింది.

నైతికత సంగతి అటుంచినా, రచనాపరంగా కూడా ఆ మచ్చ మీకు చేటే చేస్తుంది: అతను నోరు తెరవకముందే వీడు దుర్మార్గుడని పాఠకుడికి చెప్పేసి, మీరు వందల పుటల్లో మెల్లగా కట్టవలసిన అనుమానాన్ని ఒక్క వాక్యంలో ఖర్చుపెడుతుంది. మచ్చను పూర్తిగా నిషేధించమని అనను. నవలలో మచ్చ ఉన్న మనుషులు ఉండాలి. ఆ మచ్చను మంచిచెడ్డలతో సంబంధం లేని మరో పాత్రకు, వీలైతే పాఠకుడు మనసిచ్చే పాత్రకు బదిలీ చేసి చూడండి. ప్రతినాయకుడికి మాత్రం పదిమందిలో ఇష్టపడదగిన ఒక లక్షణం ఇవ్వండి; ఎదుటివారు చెప్పేది శ్రద్ధగా, తల కొంచెం పక్కకు వంచి వినే అలవాటు ఉన్నవాడు, ఆ విన్నదాన్నే తర్వాత ఆయుధంగా వాడుకుంటే ఆ భంగిమే పాఠకుడిని భయపెడుతుంది. లావు, కురూపం, వైకల్యం, ముదురు ఛాయ విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం. ఛాయ గురించి మరొక్క మాట: కొందరి రంగును మాత్రమే ప్రస్తావించి మిగిలినవారి రంగును వదిలేస్తే, వదిలేసిన రంగే సహజమని మీరు చెప్పినట్లవుతుంది. చెబితే అందరిదీ ఒకే కొలమానంతో చెప్పండి, లేదా ఎవరిదీ చెప్పకండి.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. ఒక్కొక్కరిని విడిగా కాక ఆరుగురినీ కలిపి మొదలుపెట్టండి. బొమ్మల కథలు గీసే చిత్రకారులు పాత్రలను వరుసగా నిలబెట్టి, లోపలి గీతలన్నీ తీసేసి నల్లటి నీడ ఆకారాలుగా నింపి చూస్తారు. నీడలోనే ఎవరెవరో తెలియకపోతే ముఖాలు గీయడం మొదలుపెట్టరు. మనిషి ఎత్తును తల పొడవుతో కొలిచే పద్ధతి కూడా వారిదే: పెద్దవారికి ఏడున్నర తలలు, వీరుడిగా చూపదలచినవారికి ఎనిమిది లేదా అంతకన్నా ఎక్కువ, పసిబిడ్డకు నాలుగు. మీరు బొమ్మ గీయనక్కరలేదు, కానీ ఒక కాగితం మీద ఆరు పేర్లూ రాసి, దూరం నుంచి వస్తుంటే ఎవరిని ఎలా పోల్చుకుంటారో ఒక్కొక్క వాక్యం రాయండి. రెండు వాక్యాలు అటూ ఇటూ మార్చినా చెల్లిపోతున్నాయంటే ఆ ఇద్దరిలో ఒకరి రూపం ఇంకా తయారుకాలేదు. తర్వాత ఎవరు ఎవరి పక్కన ఎక్కువగా కనిపిస్తారో చూసుకోండి. రూపాల్లో తేడా ఎక్కువగా ఉండవలసింది ఆ జంటల మధ్యే. ఆరో అధ్యాయంలో ఒకసారి వచ్చి పోయే పాత్రకు ఇంత శ్రమ అక్కరలేదు.

వివరాలన్నీ ప్రవేశించిన చోటే కుమ్మరించవద్దని ఇప్పటికే అర్థమై ఉంటుంది. ఒక మినహాయింపు మాత్రం ఉంది. కథాగమనానికి అవసరమయ్యే లక్షణాన్ని, పాఠకుడు తనంతట తాను ఊహించుకోలేని లక్షణాన్ని మొదటి ఘట్టంలోనే చెప్పి తీరాలి. అతనికి బట్టతల ఉందనో, ఎడమచేయి మణికట్టు దాకానే ఉందనో యాభయ్యో పుటలో చెబితే, అప్పటికే తల నిండా జుట్టుతో, రెండు చేతులతో అతన్ని చూస్తున్న పాఠకుడు చదవడం ఆపి వెనక్కి తిరుగుతాడు.

ఇక నటీనటుల ఫొటోలు. మీ బల్ల మీద పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. పాత్ర పొడుగో పొట్టో మరచిపోకుండా అవి సాయపడతాయి. కానీ ఫొటో నిలిచిపోయిన క్షణం, అందులోని మనిషి వెలుతురు చూసుకుని, అందంగా కనిపించడానికి కూర్చున్నవాడు. అతను విసుక్కున్నప్పుడు, మెట్లెక్కి ఆయాసపడుతున్నప్పుడు, అబద్ధమాడుతున్నప్పుడు ఎలా ఉంటాడో ఫొటో చెప్పదు. మీకు కావలసింది అదే. ఒకే మనిషి మీద ఆధారపడకుండా ఒకరి నుంచి దవడ, ఇంకొకరి నుంచి నిలబడే తీరు, మరొకరి నుంచి చేతులు తీసుకోండి. నవలలో మాత్రం ఫలానా నటుడిలా ఉన్నాడని రాయకండి. పాఠకుడు మీ పాత్రను వదిలేసి ఆ నటుడి వేషాలు గుర్తుచేసుకుంటాడు, ఆ నటుడు తెలియని పాఠకుడికి ఏమీ కనిపించదు. మీకు వ్యక్తిగతంగా తెలిసినవారిని తీసుకుంటున్నట్లయితే మరింత జాగ్రత్తగా ఉండండి: వారు చదివితే తమను తాము పోల్చుకునేది ముక్కునో ఛాయనో బట్టి కాదు, మీరు దొంగతనంగా గమనించిన ఆ ఒక్క అలవాటును బట్టి. దాన్ని మాత్రం తప్పనిసరిగా మార్చి రాయండి.